మూడోసారి కొంటున్న పార్కు

మా కాలనీకి పెద్ద ఆపద వచ్చిపడింది. మా వీధి చివరి ఖాళీ స్థలాన్ని కొని అక్కడ పార్కు వేసే విషయం నగరపాలక సంస్థవారి పరిశీలనలో ఉందట. ఈ కబురు నాకు చెప్పింది పాలబ్బాయి. అతనికి చెప్పింది కార్పొరేటర్ గారి డ్రైవరు. కనుక ఇది వదంతి కాదు, దాదాపు గెజిట్టే.

ఏ నగరమో, ఏ కాలనీయో చెప్పను. హైదరాబాదు అంచున, ఒకప్పుడు జొన్నచేలు ఉండి ఇప్పుడు జొన్నరొట్టెల కర్రీ పాయింట్లు ఉన్న ప్రాంతమని మాత్రం చెప్పగలను. అంతకంటే వివరంగా చెబితే సాయంత్రానికల్లా గజం మీద ఇంకో రెండు వేలు పెరుగుతుంది. ఆ పాపం నాకెందుకు?

అయిదు శాతం రిబేటు కోసం ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేసే గృహస్థుణ్ణి. ఆ హోదాలో నా అభ్యంతరాలు సవినయంగా, వరుసగా మనవి చేసుకుంటున్నాను. చదివినవారు నన్ను పచ్చదనానికి పగవాడిగా లెక్కగట్టినా ఫర్వాలేదు. నా అసలు బాధ చెట్ల గురించి కాదు, బిల్లు గురించి. అది చివర్లో వస్తుంది. బిల్లులెప్పుడూ చివర్లోనే వస్తాయి.

మొదటి అభ్యంతరం. ఫైల్లో దాన్ని ఖాళీ స్థలమని రాశారట. రాసినాయన ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని రాసి ఉండాలి. ఆ అర ఎకరంలో, అంటే 2,420 గజాల్లో, ఖాళీగా ఉన్న చోటు నాకైతే కనబడలేదు. తూర్పు వైపు రాత్రిపూట మా వీధి కార్లన్నీ నిద్రపోతాయి. ప్రతి ఇంటి ప్లానులోనూ కింద పార్కింగ్ అని గీశారు, నిజమే. ఆ పార్కింగుల్లో ఇప్పుడు ఒకచోట కిరాణా కొట్టు, ఒకచోట బ్యూటీ పార్లరు, ఒకచోట పదో తరగతి ట్యూషను నడుస్తున్నాయి. కార్లకు వేరే దిక్కు లేదు. దక్షిణం వైపు ఇసుక, కంకర, సెంట్రింగ్ చెక్కలు. మా కాలనీలో ఎవరిల్లు ఏ ముఖంగా కట్టినా, సామాను మాత్రం అక్కడే దిగుతుంది. పడమటి మూల వేపచెట్టు కింద ఇస్త్రీ బండి. నడుమ క్రికెట్టు.

ఈ క్రికెట్టుకు సొంత రాజ్యాంగం ఉంది. బంతి రిటైర్డ్ తహసీల్దారు గారి గోడ దాటితే ఔటు. మా గోడ దాటితే సిక్సు. ఈ వివక్ష ఏమిట్రా అని అడిగాను. “తాసిల్దార్ తాత బాల్ ఇయ్యడు అంకుల్, మీరిస్తారు” అన్నారు పిల్లలు. నా మంచితనానికి ఈ కాలనీలో దక్కిన ఏకైక గుర్తింపు అది. పార్కు వస్తే అదీ పోతుంది.

పండగల లెక్క వేరు. వినాయక చవితికి మండపం అక్కడే. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్ళు చేరేది అక్కడే. పైగా బతుకమ్మ పేర్చడానికి కావలసిన గునుగు పువ్వు ఆ గడ్డిలోనే, ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా, ఏ పథకం కిందా మంజూరు కాకుండా మొలుస్తుంది. గట్టు వైపు నాలుగు తంగేడు పొదలున్నాయి. పెళ్ళి షామియానా అక్కడే, పెద్దకర్మ షామియానా అక్కడే. ఒకసారి మొదటిది విప్పకముందే రెండోది వేయాల్సి వస్తే కుర్రవాళ్ళు గుడ్డ మార్చి సరిపెట్టారు.

వర్షాకాలంలో దాని అసలు ఉద్యోగం మొదలవుతుంది. ఆ స్థలం రోడ్డుకంటే అడుగున్నర పల్లం. వీధిలో పడ్డ నీళ్ళన్నీ అందులోకి జారి, అక్కడే ఇంకిపోతాయి. అందుకే పక్క కాలనీ సెల్లార్లలో మోటార్లు పెట్టి నీళ్ళు తోడుకుంటుంటే, మేం మిరపకాయ బజ్జీలు తింటూ టీవీలో వాళ్ళను చూస్తాం.

దాని చెడుగుణాలు దాచను. వానలకు పాములొస్తాయి. వయ్యారిభామ పూతకు వచ్చిందంటే కాలనీ మొత్తం తుమ్ముతుంది. అంచుల్లో సర్కారు తుమ్మ ఉంది. దాని ముల్లు దిగని స్కూటర్ టైరు మా వీధిలో లేదు. చెత్త కూడా ఉంది. మా వీధినడిగితే అది పక్క వీధివాళ్ళు వేసిందంటారు, పక్క వీధినడిగితే మా పేరు చెబుతారు. ‘ఇచ్చట చెత్త వేయరాదు’ అనే బోర్డు ఒకటి పెట్టారు. అప్పటిదాకా ఎక్కడ వేయాలో తెలియక తిరిగేవాళ్ళకు అది బాగా ఉపయోగపడింది.

రెండో అభ్యంతరం. ఇంత పని చేస్తున్న స్థలాన్ని పార్కు చేశాక అక్కడ చేయదగ్గ పని ఒక్కటీ మిగలదు. పార్కుకు ముందు కంచె వస్తుంది, తర్వాత గేటు, గేటుకు తాళం, తాళానికి చెవి, చెవికి కమిటీ. వేళలు పొద్దున అయిదు నుంచి ఎనిమిది, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. పిల్లలు బడి బస్సులోనూ ట్యూషన్లోనూ ఉండే వేళలు సరిగ్గా అవే. ఇక నిబంధనల బోర్డు. బంతి ఆటలు ఆడరాదు. పూలు కోయరాదు. గడ్డి మీద నడవరాదు. సైకిళ్ళు తేరాదు. తినుబండారాలు తేరాదు. అన్నీ పాటించాక మనిషి చేయగలిగింది ట్రాక్ మీద గుండ్రంగా తిరిగి ఇంటికి రావడమే. ఆ గునుగు పువ్వును కలుపు మొక్కని మొదటి రోజే పీకేస్తారు. దాని బదులు, నాటవద్దని ప్రభుత్వమే చెప్పిన కోనోకార్పస్‌ను వరసగా పాతి, కత్తెరతో గొడుగుల ఆకారానికి కత్తిరిస్తారు.

“ఏమండీ, షుగరున్న మనిషి, పార్కు వస్తే పొద్దున్నే నడవడానికి బాగుంటుంది కదా” అంది మా ఆవిడ.

“ఇప్పుడు నడవడానికి ఏమొచ్చింది? ఇంత పొడుగు రోడ్డుంది” అన్నాను.

“రోడ్డున్నా మీరు నడవటం లేదు కదా. పార్కు వస్తే, పార్కున్నా నడవటం లేదని నేను చెప్పుకోవడానికైనా ఉంటుంది” అంది.

ఇంట్లో ప్రతిపక్షం ఇంత బలంగా ఉన్నప్పుడు పోరాటం వీధిలో చేయడమే మంచిదని, కాలనీ సంక్షేమ సంఘం సమావేశానికి వెళ్ళాను.

మూడో అభ్యంతరం అక్కడ పుట్టింది. సెక్రటరీ గారు పార్కు నమూనా మీద సభ్యుల సలహాలు కోరారు. వాకింగ్ ట్రాక్ ఉండాలన్నది ఏకగ్రీవం. ఓపెన్ జిమ్ కావాలని కుర్రాళ్ళు, పిల్లలకు జారుడుబల్లలు కావాలని తల్లులు, యోగాకు గచ్చు కావాలని పెద్దలు. ఒకాయన వాచ్‌మన్ గది అన్నాడు. ఇంకొకాయన, గది కడుతున్నాం గనక పైన ఇంకో గది వేస్తే సంఘం ఆఫీసు సరిపోతుందన్నాడు. ఆఫీసున్నాక హాలు లేకపోతే ఎలా? హాలున్నాక వంటగది, మరుగుదొడ్లు. ఈశాన్యం మూల చిన్న గుడి, చిన్నదే. నీళ్ళకు బోరు, బోరుకు ట్యాంకు, కరెంటు పోతే జనరేటరు. గేటు దగ్గర విగ్రహం. ఎవరిదన్న ప్రశ్న రాగానే సభ రెండుగా చీలింది. ఆలు లేదు, చూలు లేదు, సోమలింగం పేరు మీద మాత్రం అప్పుడే రెండు వర్గాలు.

నేను పక్కన కాగితం మీద ఇవన్నీ కూడుతూ వచ్చాను. అన్నిటికీ చోటిచ్చాక చెట్టుకు మిగిలింది ఒక మూల. ఆ మూలలోనే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలని విద్యుత్ శాఖవారు ఎప్పటినుంచో అడుగుతున్నారని సెక్రటరీ గారు గుర్తుచేశారు.

ఇది మా కాలనీ తెలివి మాత్రమే అనుకోకండి. దీనికి రాజధానిలోనే పూర్వప్రమాణం ఉంది. నిజాముల కాలపు బాగ్-ఎ-ఆమ్, అంటే నేటి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్ళి చూడండి. శాసనసభ అక్కడే. జూబ్లీహాలు, స్టేట్ మ్యూజియం, బాలభవన్, లలితకళాతోరణం అన్నీ ఆ తోట ప్రాంగణంలోనివే. తోట చుట్టూ కట్టడాలు ఉండటం లోకంలో ఉన్నదే, కట్టడాల మధ్య తోటను వెతుక్కోవడం మన ప్రత్యేకత. 76 ఎకరాల ఇందిరా పార్కు పేరు చెబితే ఎంతమందికి పూలు గుర్తొస్తాయి? ధర్నా చౌక్ గుర్తొస్తుంది. అంత పెద్ద పార్కుకే ఆ గతి పడితే అర ఎకరం ఏపాటిది?

అర ఎకరమంటే మీటర్లలో చెప్పుకుందాం. 2,420 గజాలు దాదాపు 2,023 చదరపు మీటర్లు. మా కాలనీలో చిన్నాపెద్దా కలిపి సుమారు రెండు వేల మంది ఉంటాం. తలా ఒక చదరపు మీటరు వస్తుంది. కేంద్రంవారి 2014 నాటి పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఆరుబయలు స్థలం ఉండాలంటాయి. మా వాటాలో నిలబడవచ్చు. కూర్చోవాలంటే మోకాళ్ళు ముడుచుకోవాలి. కాళ్ళు చాపాలంటే పక్కింటివారి అనుమతి తప్పనిసరి.

నాలుగో అభ్యంతరం ధర గురించి. స్థలం యజమాని గారు టెక్సస్‌లో ఉంటారు. ఇక్కడ చూసుకునేది ఆయన బావమరిది. ఎన్నో ఏళ్ళుగా ఆ స్థలం అమ్మకానికే ఉంది. ఎవరూ కొనలేదు. కారణం అందరికీ తెలిసిందే: ఈశాన్యం తెగింది, పైగా వీధిపోటు. బిల్డర్లు వచ్చేవారు, వాళ్ళ వెంట వాస్తు సిద్ధాంతి వచ్చేవాడు, సిద్ధాంతి దిక్సూచి తీసేవాడు, అందరూ కారెక్కి వెళ్ళిపోయేవారు. బావమరిది గారు పాపం ధర తగ్గించుకుంటూ వస్తున్నారు. సరిగ్గా అప్పుడు, వాస్తు పట్టింపు లేని ఏకైక కొనుగోలుదారు రంగంలోకి దిగాడు. అతని దగ్గర ఉన్నది సొంత డబ్బు కూడా కాదు.

మా ఆవిడ వంకాయలు కొనే పద్ధతి చూస్తే నగరపాలక సంస్థవారికి ఎంతో లాభం. ఆమె బండి దగ్గర ఆగదు, ఆగినట్టు కనబడుతుంది. వంకాయ చేతిలోకి తీసుకుని, అది తనకేదో అపకారం చేసినట్టు చూస్తుంది. వెనక్కి పెట్టి రెండడుగులు వేస్తుంది. అప్పుడు బండివాడే పిలిచి తగ్గిస్తాడు. మరి వీళ్ళు? ఇంకా కొనలేదు, కొంటామో లేదో తెలియదు, కానీ ఈ వంకాయ మీద మనసు పడ్డామని పేపర్లో వేయించారు. మర్నాడే బావమరిది గారు కంచె బాగుచేయించారు, బోర్డుకు కొత్త రంగు వేయించారు. ‘అమ్మబడును’ అన్న మాట చెరిపేయించారు. ఇప్పుడు అడిగితే, “అది మా తాతగారి జ్ఞాపకం సార్, అమ్మే ఉద్దేశం ఎప్పుడూ లేదు” అంటున్నారు.

బేరం కుదరకపోతే చట్టముంది కదా అనవచ్చు. 2013 నాటి భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పట్టణంలో స్థలం తీసుకుంటే మార్కెట్ విలువ ఇచ్చి, దానిమీద నూటికి నూరు శాతం ఓదార్పు సొమ్ము (సొలేషియం) ఇవ్వాలి. అంటే రెట్టింపు. ఇది న్యాయమే, భూమి పోయేవాడి కడుపు నిండాలి. చిక్కల్లా మార్కెట్ విలువ ఏదన్న దగ్గరే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలో గజం ధర ఒకటి, టీ కొట్టు దగ్గర గజం ధర ఇంకొకటి. రిజిస్ట్రేషన్‌కు పుస్తకం ధర, అమ్మకానికి టీ కొట్టు ధర. ఇది మన సంప్రదాయం. స్థలం ఖాళీగా ఉన్నందుకు పన్ను కట్టమన్నప్పుడు బావమరిది గారు పుస్తకం చూపించారు. కొంటామన్నప్పుడు టీ కొట్టుకు తీసుకెళుతున్నారు.

ఆ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అని ఒక ఘట్టం ఉంది. దానికి ఆరు నెలల దాకా గడువు. తర్వాత ప్రాథమిక ప్రకటన, అభ్యంతరాలకు 60 రోజులు, ఆపైన డిక్లరేషను, ఆపైన అవార్డు. నేనైతే ఆ అంచనా కోసం ఎదురుచూస్తున్నాను. మా సమాజం మీద ఈ పార్కు ప్రభావమేమిటని అడిగితే, నా కారు ఎక్కడ పడుకోవాలో ముందు రాసుకోమంటాను.

డబ్బు బదులు యజమాని గారికి టీడీఆర్ కాగితం, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు, ఇద్దామని కూడా సమావేశంలో ఒకరు సూచించారు. రోడ్ల వెడల్పుకు స్థలం కోల్పోయినవారికి నగరాల్లో ఇస్తున్నది అదే. ఆ కాగితాన్ని ఆయన ఏదో ఒక బిల్డరుకు అమ్ముకుంటారు. ఆ బిల్డరు ఇంకెక్కడో తన భవనం మీద అదనపు అంతస్తులు లేపుతాడు. మాకు గాలి, ఊరికి అవతల ఇంకెవరి కిటికీకో చీకటి. ఖజానా నుంచి పైసా కదలదు గనక అందరికీ నచ్చింది. ఆ కిటికీ ఉన్నాయన మా సమావేశానికి రాలేదు కదా.

ఇక బిల్లు.

మా బీరువాలో అమ్మకం దస్తావేజుతోపాటు మా కాలనీ లేఅవుట్ నకలు భద్రంగా ఉంది. గ్రామపంచాయతీ ముద్ర, సర్పంచి గారి సంతకం, పదెకరాల నేల, చీమల బారుల్లాంటి ప్లాటు నంబర్లు. వాటి మధ్య ఎకరం మేర ఆకుపచ్చ పెన్సిలుతో నింపి ‘పార్కు’ అని రాశారు. లేఅవుట్ వేసేవాడు పదో వంతు ఆరుబయలు స్థలంగా వదిలి, దాన్ని గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలన్నది నియమం. ఆ ఆకుపచ్చను చూపించే మాకు ప్లాట్లు అమ్మారు. మాది పార్కు ఫేసింగ్ ప్లాటు. అందుకు గజానికి అదనంగా పుచ్చుకున్నారు. అది మొదటిసారి కొనడం.

ఆ ఆకుపచ్చ ఇప్పుడు ఎక్కడుంది? ఒక మూల నీళ్ళ ట్యాంకుగా ఉంది. ఒక మూల గుడిగా ఉంది. మిగతాదంతా 38/ఏ, 38/బి, 38/సి అనే బై నంబర్లతో మూడంతస్తుల మేడలుగా ఉంది. లేఅవుట్‌దారు గిఫ్ట్ డీడ్ రాయలేదు. పంచాయతీ అడగలేదు. పంచాయతీ మున్సిపాలిటీ అయింది, మున్సిపాలిటీ కార్పొరేషనయింది. ప్రతివాళ్ళూ పాతవాళ్ళ బీరువాను తాళంతో సహా స్వాధీనం చేసుకున్నారు, తెరిచి మాత్రం చూడలేదు. ఆ మేడలకు నల్లా ఉంది, కరెంటు మీటరుంది, ఇంటి నంబరుంది, ఇంటి పన్నుంది. లేనిది ఒక్క పార్కే. కొత్త పార్కు కావాలని కమిషనర్ గారికిచ్చిన అర్జీ మీద మొదటి సంతకం 38/ఏ వారిది. “పిల్లలకు ఆడుకునే జాగా లేకపోతే ఎట్ల సార్?” అని ఆయన గొంతు గద్గదమయింది. నిజానికి ఆయన తప్పేమీ లేదు. ఆయనకూ ఎవరో డబ్బు తీసుకునే అమ్మారు.

తర్వాత క్రమబద్ధీకరణ వచ్చింది. 2020 ఆగస్టు 31న తెలంగాణ ప్రభుత్వం జీవో 131 ఇచ్చింది. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్ళు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. సర్పంచి గారి సంతకం అనుమతి కింద లెక్కకు రాదట, మేమూ పెట్టుకున్నాం. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 25 లక్షల దరఖాస్తులు పడ్డాయి. ఏళ్ళ తరబడి అవి కదల్లేదు. 2025లో గడువులోపల కడితే 25 శాతం రాయితీ అన్నారు. రాయితీ అంటే నా ప్రాణం లేచి వస్తుందని మీకు ముందే చెప్పాను, వెళ్ళి కట్టాను. రసీదు చూస్తే అందులో క్రమబద్ధీకరణ రుసుము కాక ఇంకో పద్దుంది. మీ లేఅవుట్‌లో పదో వంతు ఆరుబయలు స్థలం లేదు గనక, మీ ప్లాటు విలువలో 14 శాతం ఆరుబయలు స్థలం రుసుము. అది రెండోసారి కొనడం.

మా పక్కింటి తహసీల్దారు గారు బంతులు తిరిగివ్వరు గానీ లెక్కలు చెబుతారు. పదెకరాల్లో రోడ్లు మూడెకరాలు, కాగితం మీది పార్కు ఎకరం పోతే ప్లాట్లు ఆరెకరాలు, అంటే 29,040 గజాలు. రాయితీ సంగతి పక్కనపెట్టి, ఈ ప్లాట్లవాళ్ళందరూ తలా 14 శాతం కడితే, అందరం కలిసి సుమారు 4,066 గజాల ధర కట్టినట్టు. పోయిన ఎకరం 4,840 గజాలు. అంటే దానిలో ఆరింట అయిదు వంతుల విలువ మా జేబుల్లోంచే వెళుతుంది. పోగొట్టినవాడు కాదు, పోగొట్టుకున్నవాళ్ళం కట్టాం.

ఇప్పుడు కొనబోయేది మూడోసారి. మా ఇంటి పన్నుతో, రెట్టింపు ధరకు, ఈశాన్యం తెగిన అర ఎకరం. మొదటిసారి కొన్నదానిలో సగం.

“బెంగళూరులో ఏమైందో తెలుసా?” అన్నారు తహసీల్దారు గారు. అక్కడి రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి కట్టుకోమని ఒక ట్రస్టుకు కేటాయించారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. పార్కుకని వదిలింది ప్రజలది, దాన్ని ఆసుపత్రి పేరుతోనైనా ప్రైవేటువారికి ఇవ్వడానికి వీల్లేదు. హైదరాబాదులోనైతే 2024 జూలైలో హైడ్రా అనే సంస్థనే పెట్టారు. ఆక్రమణలో ఉన్న చెరువులూ పార్కు జాగాలూ వెనక్కి తీసుకోవడం దాని పని. అంబర్‌పేటలో కనబడకుండా పోయిన బతుకమ్మకుంటను తవ్వితే నీళ్ళొచ్చాయి. 2025లో దాన్ని మళ్ళీ కుంటగా తెరిచారు. పోయిన కుంట దొరికిన దేశంలో పోయిన ఎకరం కాగితమైనా దొరకదా?

మేడలు కూల్చమని నేననను. వాటిలో ఉన్నవాళ్ళు నా పొరుగువాళ్ళు, పైగా మా ఆవిడ చీటీ సభ్యులు. నేనడిగేది లెక్క. పచ్చదనం లోపించిందని మా దగ్గర వసూలు చేసిన డబ్బు ఏ పద్దులో ఉంది? అది పచ్చదనానికే ఖర్చయిందా, రోడ్లలోనూ జీతాల్లోనూ కలిసిపోయిందా? అది ఉంటే ఈ అర ఎకరాన్ని దానితోనే కొనవచ్చు కదా, మళ్ళీ ‘నిధుల లభ్యతను బట్టి’ అని ఎందుకు రాస్తారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినాయన బదిలీ అయ్యారని తెలిసింది.

కాబట్టి మనవి. స్థలం కొనండి. నా కారుకు, నా సిక్సులకు నేను వేరే ఏర్పాటు చూసుకుంటాను. కానీ కొనేట్టయితే కొనేయండి, పరిశీలించకండి. మీరు పరిశీలిస్తున్న ప్రతి నెలా బావమరిది గారు కొత్త ధర పరిశీలిస్తున్నారు. మా దగ్గర ఇదివరకే పుచ్చుకున్న 14 శాతాన్ని ముందు అందులో జమ వేయండి. కొన్న రోజే సంస్థ పేరున రిజిస్టరు చేయించి, ఆ స్థలంలో కట్టడం ఏదీ రాకూడదని, విగ్రహం సహా, తీర్మానంలో రాయండి. పల్లాన్ని పల్లంగానే ఉంచండి. మట్టి పోసి టైల్సు పరిస్తే ఆ నీళ్ళు మా ఇళ్ళలోకే వస్తాయి. బంతి ఆటలు నిషేధం అన్న బోర్డు చేయించకండి. ఒక మూల గునుగు మొలిస్తే పీకకండి. గేటు పెట్టండి, తాళం వద్దు.

పాఠకులకు ఒక మాట. మీ కాలనీలోనూ ఇలాంటి ఆకుపచ్చ పెన్సిలు గీత ఒకటి ఉండే ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, మీ లేఅవుట్ నకలూ, దాని ఆరుబయలు స్థలం గిఫ్ట్ డీడ్ నకలూ అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వడం వాళ్ళ విధి. ఇకముందు పార్కు ఫేసింగ్ ప్లాటని ఎవరైనా గజానికి ఎక్కువ చెబితే, ముందు ఆ పార్కు గిఫ్ట్ డీడ్ నంబరు చెప్పమనండి. చెప్పలేకపోతే వాళ్ళు మీకు అమ్ముతున్నది ఆకుపచ్చ రంగు మాత్రమే. దాని బిల్లు మూడుసార్లు వస్తుంది.